ముందు గౌను, తర్వాత డిగ్రీ

రాజోల్లో నా చేతి మీదుగా పట్టభద్రులైనవాళ్ళు చాలామంది ఉన్నారు. అందరికీ ఐదు నిండి ఆరో ఏడు నడుస్తూ ఉంటుంది. సగంమందికి ముందు పళ్ళు ఉండవు. పట్టా చేతికివ్వగానే కొందరు నవ్వుతారు, కొందరు ఏడుస్తారు, ఒకరిద్దరు బాత్రూముకి వెళ్తామంటారు.

నేను ఆడవాళ్ళ బట్టలు కుడతాను. బస్టాండు నుంచి లోపలికొచ్చే సందులో కొట్టు. కొన్నేళ్ళ క్రితం ఒక కాన్వెంటు హెడ్మిస్ట్రెస్ గారు వచ్చి, "మా యూకేజీ పిల్లలకి గ్రాడ్యుయేషన్ డే చేస్తున్నామండీ. నల్ల గౌన్లూ, పైన పలక ఉండే టోపీలూ కుట్టాలి" అన్నారు.

"యూకేజీకి గ్రాడ్యుయేషనేంటండీ?"

"ఒకటో తరగతిలోకి వెళ్తున్నారు కదండీ. ఇప్పుడందరూ చేస్తున్నారు."

"ఆయ్" అన్నాను. మా వైపు ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు. అర్థమైనట్టు కాదు.

గౌన్లు సులువే, నల్ల శాటిను గుడ్డ తెస్తే అయిపోతాయి. టోపీ పైన పలక నిలబడడానికే గట్టి అట్ట కావాలి. మా పక్క మిఠాయి కొట్టాయన వాడేసిన పూతరేకుల పెట్టెలు ఊరికే ఇస్తానన్నారు. సంతోషంగా తెచ్చుకుని, కత్తిరించి, లోపల పెట్టి కుట్టేసేను. ఆ అట్టల్లో బెల్లం, నెయ్యి వాసన మిగిలి ఉందని నా ముక్కుకి తెలియలేదు. చీమలకి తెలిసింది. ఆ ఏడాది గ్రాడ్యుయేషన్ డేకి పిల్లలు వరసగా వేదికెక్కేరు, పిల్లల వెనకే చీమలూ వరసగా ఎక్కేయి. ముఖ్య అతిథి గారు విద్య గొప్పతనం గురించి మాట్లాడుతుంటే పట్టభద్రులందరూ బుర్రలు గోక్కుంటున్నారు. "చూడండి, ఎంత ఆలోచిస్తున్నారో!" అన్నారాయన. ఒక పిల్ల మాత్రం టోపీ తీసి, పలక అంచు నాకి చూసి, పక్కపిల్లకి కూడా ఇచ్చింది.

అప్పట్నించీ చీరల పెట్టెల అట్ట వాడుతున్నాను.

ఇంతమందిని పట్టభద్రుల్ని చేసిన నాకు డిగ్రీ లేదు. అట్ట నాది, పట్టా వాళ్ళది. దీనికి నేనేమీ కుమిలిపోలేదు గానీ, మా పుట్టింటి గోడకి ఒక మేకు ఉంది. అది నన్ను కొంచెం గుచ్చుతూ ఉండేది.

మా తాత కూలికి వెళ్ళేవాడు. నాన్న స్కూల్లో అటెండరు అయ్యేరు. మేం నలుగురం ఇంకా లాగులూ గౌన్లూ వేసుకుని తిరిగే రోజుల్లోనే ఆయన ముందుగదిలో గోడకి నాలుగు మేకులు కొట్టేసి, "ఇక్కడ నలుగురివీ నల్ల గౌను ఫోటోలు రావాలి" అన్నారు. మా పేటలో ఏ ఇంటికెళ్ళినా ముందుగదిలో ఆ ఫోటోలుంటాయి. నల్ల గౌను, చేతిలో చుట్టిన కాగితం, వెనక స్టూడియోవాళ్ళ నీలం తెర. మా పెద్దన్నయ్యది వచ్చింది, చిన్నన్నయ్యది వచ్చింది, అక్కది వచ్చింది. అన్నయ్యలు టీచర్లు, అక్క నర్సు. నా దగ్గరికి వచ్చేసరికి, ఇంటర్ అవగానే నా మనసు కుట్టుమిషను మీద పడింది. ఆ తర్వాత గూడ్సు ఆటో నడిపే ఒకాయన మీద పడింది. రెండూ చప్పుడు చేసేవే. ఆ చప్పుడులో కాలేజీ గంట వినపడలేదు.

నాలుగో మేకుకి మొదట ఎరువుల కొట్టువాళ్ళ క్యాలెండరు వేళ్ళాడింది. తర్వాత గొడుగు. నాన్న పోయినప్పుడు ఆయన ఫోటో పెట్టడానికి అందరం ఆ మేకు వైపే చూసేం. అమ్మ మాత్రం సుత్తి తెప్పించి పక్కన ఐదో మేకు కొట్టించింది. "అది దానిది" అంది, నా వైపు చూడకుండా.

అందుకని ప్రతి వేసవిలోనూ మా ఇంట్లో ఒక చర్చ జరుగుతుంది. నేను దూరవిద్యలో డిగ్రీ చేరాలా, అక్కర్లేదా?

మా ఆయన బీకాం. అంబాజీపేటకి కొబ్బరికాయలు తోలుతారు. అంచేత ఈ విషయంలో ఆయన్ని మించిన నిపుణుడు లేడని ఆయన నమ్మకం.

"నా డిగ్రీ బీరువాలో ఉంది, నేను రోడ్డు మీదున్నాను" అంటారు. "ఇన్నేళ్ళలో ఒక్క కొబ్బరికాయైనా నన్ను క్వాలిఫికేషన్ అడిగిందేమో చెప్పు."

"నా సంగతి వేరండీ."

"ఏం వేరు? డిగ్రీ చేస్తే నీ జాకెట్టు చంకలో పట్టెయ్యకుండా ఉంటుందా?"

ఇంటర్ చదివే మా అమ్మాయి మధ్యలో దూరుతుంది. "నాన్నా, అమ్మ కుట్టిన జాకెట్లు డిగ్రీ లేకపోయినా పట్టేస్తాయి. చేస్తే కనీసం ఎందుకు పట్టేసేయో ఇంగ్లీషులో చెప్తుంది."

పెద్దన్నయ్య ఫోన్లో, "చెయ్యవే, ఎప్పటికైనా పనికొస్తుంది" అంటాడు. దేనికి అంటే, "అంటే... ఉంటుంది కదా" అంటాడు. కొట్టుకొచ్చే ఆడవాళ్ళు కూడా తలో మాటా వేస్తారు. ఒకావిడ వయసు గుర్తుచేస్తుంది, ఇంకొకావిడ తన జాకెట్టు ఎప్పుడిస్తానన్నానో గుర్తుచేస్తుంది. నేను అందరికీ ఆయ్ అంటాను. ఇలా చర్చించుకుంటూ ఉండగానే చేరడానికి ఆఖరు తేదీ వెళ్ళిపోతుంది. హమ్మయ్య, ఇంక వచ్చే ఏడాది ఆలోచించుకోవచ్చు అని మళ్ళీ మిషను తొక్కుతాను. నాకు నిజంగా డిగ్రీ కావాలో, లేక డిగ్రీ గురించిన ఈ కబుర్లు కావాలో నాకే తెలిసేది కాదు.

పోయినేడాది హెడ్మిస్ట్రెస్ గారు పిల్లల గౌన్లతోపాటు ముఖ్య అతిథి కోసం ఒక పెద్ద గౌను కూడా కుట్టమన్నారు. కుట్టేను. ఆ అతిథి గారు రానేలేదు. గౌను నా కొట్లోనే ఉండిపోయింది. ఒక మధ్యాహ్నం భుజాలు ఎలా కూర్చున్నాయో చూద్దామని వేసుకున్నాను. భుజాలు చూడ్డానికి టోపీ ఎందుకు పెట్టుకున్నానని అడక్కండి. అద్దం ముందు అటూ ఇటూ తిరుగుతుంటే మా అమ్మాయి నా ఫోనుతోనే ఫోటో తీసింది. ఇద్దరం పొట్టచెక్కలయ్యేలా నవ్వుకున్నాం. అంతటితో అయిపోయిందనుకున్నాను.

నాకొక అలవాటుంది. కుట్టిన కొత్త డిజైన్లు రోజూ వాట్సాప్ స్టేటస్‌లో పెడతాను. ఆ పొద్దున్న ఒక పెళ్ళికూతురి జాకెట్టు పెట్టేను. బుట్టచేతులు, వీపు మీద పూసలతో నెమలి. ఆ నెమలితో రెండ్రోజులు కుస్తీ పట్టేను. సాయంత్రానికి ఫోను ఆగకుండా మోగడం మొదలెట్టింది.

"సాధించేవమ్మా!"

"ఎవరికీ చెప్పకుండా ఎంత పని చేసేరండీ!"

"మీరు మా ఆడవాళ్ళందరికీ ఆదర్శం."

నా కళ్ళు చెమర్చేయి. ఇన్నాళ్ళకి జనం నెమలిని గుర్తించేరు. "అంతా మీ అభిమానమండీ", "మీరందరూ ఉండబట్టేనండీ" అని పేరుపేరునా జవాబులిచ్చేను. ఒకావిడకైతే, "ఇంకా పెద్దవి చెయ్యాలని ఉందండీ" అని కూడా పెట్టేను. మా అమ్మాయి నెమలి వెనకాలే నా గౌను ఫోటో చేర్చి, 'ఎట్టకేలకు!' అని రాసి, టపాకాయల బొమ్మ అతికించిందని నాకు తెలీదు.

అంతలో అమ్మ ఫోను. ఏడుస్తోంది.

"చూసేనే. కళ్ళారా చూసేను."

"బాగుందా అమ్మా?"

"బాగుందా ఏంటే! మీ నాన్న ఉంటేనా... ఎన్నాళ్ళ కష్టమే, మాకెవరికీ చెప్పకుండా!"

నాన్న జాకెట్ల వెనక డిజైన్ల మీద ఎప్పుడూ అంత ఆసక్తి చూపించలేదే అనుకున్నాను. అయినా కన్నతల్లి మెచ్చుకుంటుంటే కాదంటామా?

"రెండ్రోజుల్లో అయిపోయిందమ్మా. చెయ్యి తిరిగింది కదా."

"రెండ్రోజుల్లోనా! దేవుడు తలుచుకుంటే అంతే" అని, "ఆదివారం మీరు ముగ్గురూ గుడికి రండి. మంచి చీర కట్టుకో" అని పెట్టేసింది.

ఆదివారం వెళ్ళేం. గుడి అంటే మాకు చర్చే. అమ్మ వాళ్ళ చర్చి మెట్ల దగ్గరే ఇద్దరు ముగ్గురు నా చెయ్యి పట్టుకుని ఊపేరు. ఊరి సంఘం కదా, ప్రేమ అనుకున్నాను. లోపల బల్ల పక్కన పెద్ద చక్కెరకేళీ గెల ఉంది. మా వైపు ఎవరికైనా మేలు జరిగితే కృతజ్ఞతగా ఏదో ఒకటి తెచ్చి పెడతారు. ఎవరింట్లో ఏం మేలు జరిగిందో, గెల మాత్రం దిట్టంగా ఉంది అనుకున్నాను.

వాక్యం చెప్పడం అయ్యేక అయ్యగారు మైకు సర్దుకున్నారు. మా సంఘంలో పాస్టరు గారిని అయ్యగారనే అంటాం. "మన సంఘపు ఆడబిడ్డ, ఒక చేత్తో సంసారం, ఒక చేత్తో వ్యాపారం చూసుకుంటూనే డిగ్రీ పట్టా సంపాదించినందుకు, వారి తల్లిగారు కృతజ్ఞతగా ఈ గెల సమర్పించేరు. అందరం చప్పట్లతో దేవుణ్ణి స్తుతిద్దాం."

నేనూ కొట్టేను. గట్టిగా కొట్టేను. ఎవరో అదృష్టవంతురాలు, చూద్దామని వెనక్కి తిరిగి వెతికేను కూడా. వెనకవాళ్ళందరూ నన్నే చూస్తున్నారు. మా అమ్మాయి తల బల్ల కిందకి వెళ్ళిపోయింది. మా ఆయన ఫ్యాను వైపు చూస్తున్నారు, దాని రిపేరు తనకే అప్పజెప్పినట్టు.

"మీ అమ్మాయిని అడుగు" అన్నారు పెదవులు కదపకుండా. నా గౌను ఫోటో ఎక్కడిదాకా వెళ్ళిందో అప్పుడు వెలిగింది.

"ముందుకొచ్చి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పండమ్మా" అన్నారు అయ్యగారు.

ముందు వరసలో అమ్మ ఉంది. తెల్లచీర, ఇస్త్రీ మడత పోకుండా నిటారుగా కూర్చుంది. ఆ ముఖం చూస్తూనే లేచేను. ఎలాగో వెళ్ళి మైకు పట్టుకున్నాను. ఆయ్ అనేసి వచ్చి కూర్చుంటే ఆ పూటకి గడిచిపోతుంది. జీవితంలో ఎన్నిటికి ఆయ్ అనలేదు? కానీ సాక్ష్యం చెప్పే మైకులో అబద్ధం ఆడితే ఆ మైకే కుయ్యిమంటుందని నా భయం.

"అందరికీ వందనాలండి" అన్నాను. మైకు అప్పుడే కుయ్యిమంది. "నేను డిగ్రీ చదవలేదండి. గౌను కుట్టేనంతేనండి. యూకేజీ పిల్లల ముఖ్య అతిథికి. ఆయన రాలేదండి. అందుకని నేను వేసుకున్నానండి."

గెలలోంచి ఒక పండు తెంపుకున్న పిల్లాడు ఎక్కడివాడక్కడ ఆగిపోయేడు, తినొచ్చో లేదో తెలీక.

మా దొడ్డమ్మ, అమ్మకి అక్క, ముందు చాప మీద కూర్చుని ఉంది. చెవులు సరిగ్గా వినపడవు కాబట్టి నోరు గట్టిది. "అయితే ఎప్పుడు చదువుతావే?" అంది.

"చేరదామా వద్దా అని ఆలోచిస్తున్నాను దొడ్డమ్మా."

"చేరితే ఏం చదువుతావు?"

"చరిత్ర" అన్నాను.

అని, నేనే ఆశ్చర్యపోయేను. ఆ మాట ఎక్కడ దాక్కుందో, ఎప్పట్నించి దాక్కుందో, మైకు చూడగానే గెంతుకుంటూ వచ్చేసింది. ఇన్ని వేసవులు డిగ్రీ వల్ల లాభమా, నష్టమా, వయసేంటి, జాకెట్టు చంకేంటి అని మాట్లాడుకున్నాం గానీ, ఏం చదువుతావు అని నన్ను ఎవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు.

"చరిత్రెందుకే?" అంది దొడ్డమ్మ, నన్ను వదలకుండా.

"స్కూల్లో సోషల్ పుస్తకంలో శిల్పాల బొమ్మలుండేవి కదా. అందరూ రాజుల పేర్లు బట్టీపట్టేవారు. నేను ఆ ఆడవాళ్ళ నడుముకి గుడ్డ ఎటువైపు ముడేసేరో చూసేదాన్ని. రవిక ఎప్పుడొచ్చింది, ఎవరు ముందు కుట్టేరు, చేతులు ఎప్పుడు పొడుగయ్యేయి, ఎందుకు మళ్ళీ పొట్టయ్యేయి... నేను పొద్దున్న లేస్తే కుట్టేది అదే కదా దొడ్డమ్మా. అదెక్కడినుంచి వచ్చిందో నాకు తెలీదు. తెలుసుకోవాలని ఉంది."

ఇంకా చెప్పేదాన్నే. రవికల మీద ప్రసంగం అయ్యగారి ప్రసంగం కంటే పొడుగయ్యేలా ఉందని ఆయన మెల్లిగా మైకు పుచ్చుకున్నారు. నవ్వు ఆపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"దేవుడికి మనం థాంక్స్ ముందే చెప్పేసేం. గెల కూడా పిల్లలు సగం లాగించేసేరు. వెనక్కి ఇవ్వడం కుదరదు. కాబట్టి అమ్మా, మిగతాది నువ్వు చూసుకోవాలి."

అప్పుడు నవ్వేరు చూడండి, చర్చి పైకప్పు రేకులు ఎగిరిపోతాయనుకున్నాను. నా మీద అంతమంది ఒక్కసారి నవ్వడం అదే మొదలు. విచిత్రంగా, ఒళ్ళంతా తేలికైపోయింది. నేనే అందరికంటే ఎక్కువ నవ్వేను.

అమ్మ ఒక్కతే నవ్వలేదు. అందరం అమ్మ ఇంటికెళ్ళేం. ముందుగదిలో అడుగుపెట్టగానే తెలిసింది ఎందుకో. నాలుగో మేకుకి ఫ్రేము కట్టిన నా ఫోటో ఉంది. నల్ల గౌను, టోపీ. స్టూడియో నీలం తెర బదులు నా వెనక గోడకి వేళ్ళాడే జాకెట్లు, ఒక పక్క ఇస్త్రీ పెట్టె. అక్క ఫోటో పక్కన, నాన్న ఫోటోకి ఇవతల.

నవ్వు ఆగిపోయింది. "తీసేస్తానమ్మా" అని చెయ్యి ఎత్తేను.

"తియ్యకు." అమ్మ వచ్చి నా చెయ్యి కిందకి దించింది. "ఎప్పుడో చేరతానన్నావు కదా, చేరేవనుకున్నాను. చేరితే ఎప్పుడో ఒకప్పుడు అయిపోద్ది కదా అనుకున్నాను. అందులో నా తప్పేముంది?"

"తప్పు లేదమ్మా."

"నాకు బాధేమీ లేదు. అక్కడ నిజం చెప్పేవు, అది మంచిదే." ఫ్రేము కొంచెం పక్కకి ఒరిగితే సరిచేసింది. "ఉండనీ. మేకుకి కాస్త అలవాటవుతుంది."

తిరిగొచ్చేటప్పుడు గూడ్సు ఆటో ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. కాలవ గట్టు దాటేక మా ఆయన, "చేరు. బీకాం మాత్రం తీసుకోకు. అది మనింట్లో ఒకటుంది" అన్నారు.

"ఉపయోగం ఏంటన్నారుగా?"

"ఉపయోగం నాకేం తెలుసు? మైకు దగ్గర నీ ముఖం చూసేను. మన పెళ్ళప్పుడు కూడా అంత వెలగలేదు." ఆ మాటలో కొంచెం ఫిర్యాదు కూడా ఉంది.

ఆ ఏడాది ఆఖరు తేదీ నన్ను దాటి వెళ్ళలేదు. బీయేలో చేరేను. క్లాసులు ఆదివారాలు అమలాపురంలో అన్నారు. గుడి మానెయ్యాల్సి వస్తుందని భయపడుతూ అమ్మకి చెప్పేను. "దేవుడితో నేను మాట్లాడతాను, నువ్వెళ్ళు" అంది.

మొదటి క్లాసుకి అంబాజీపేట దాకా కొబ్బరికాయలతో కలిసి వెళ్ళి, అక్కణ్ణించి బస్సెక్కేను. బస్సులో కుర్రాళ్ళు లేచి సీటిచ్చేరు. కాలేజీలో వాచ్‌మేన్ నమస్కారం పెట్టేడు. క్లాసులోకి అడుగుపెట్టగానే పిల్లలందరూ లేచి నిలబడి, "గుడ్ మార్నింగ్ మేడం" అన్నారు. నోటికి వచ్చేసింది, "కూర్చోండి" అన్నాను. వాళ్ళు కూర్చున్నారు. నేను తిన్నగా వెళ్ళి ఆఖరి బల్ల మీద కూర్చున్నాక వాళ్ళ ముఖాలు చూడాలి. పక్కనున్న అమ్మాయి నెమ్మదిగా, "ఆంటీ, మెళ్ళో అదేంటండీ?" అంది. తడుముకుంటే టేపు. కొట్లో వేసుకున్న కొలతల టేపు అలాగే మెళ్ళో వేసుకుని నియోజకవర్గాలు దాటి వచ్చేసేను. తీసి సంచిలో పెట్టబోతుంటే అసలు మేడం గారు వచ్చేరు. పాఠం మొదలైంది. తవ్వకాల్లో దొరికిన చిన్న మట్టిబొమ్మ గురించి చెప్పేరు. నేను చెయ్యెత్తి, "దాని నడుముకి ఏం కట్టేరండీ?" అని అడిగేను. ఆవిడ బొమ్మని మళ్ళీ చూసి, "అది నేనెప్పుడూ చూడలేదండీ. చూద్దాం" అన్నారు. ఆ చూద్దాం అన్న మాటకి నేను ఇంటిదాకా గాల్లో తేలుతూ వచ్చేను. పరీక్షలు ఎలా రాస్తానో తెలీదు. ఇంగ్లీషు పేపరంటే ఇప్పటికీ నా వేళ్ళు సూది గుచ్చుకున్నట్టు వెనక్కెళ్తాయి.

మొన్న హెడ్మిస్ట్రెస్ గారు మళ్ళీ కొట్టుకొచ్చేరు. ఈసారి ముఖ్య అతిథి తప్పకుండా వస్తున్నారట, ఆ పెద్ద గౌను ఉంది కదా ఇమ్మన్నారు.

"అది ఖాళీ లేదండీ. కొత్తది కుట్టి ఇస్తాను."

"ఎవరికిచ్చేరండీ?"

"ఒక స్టూడెంటుకండీ."

"ఏం చదువుతోంది?"

"ఫస్టియరండీ."

ఆవిడ నవ్వేరు. "ఫస్టియర్లోనే గౌనా! అయ్యేసరికి ఆ అమ్మాయి లావైపోతే?"

"అందుకేనండీ" అన్నాను, "కుట్టు లోపల గుడ్డ కాస్త ఎక్కువే వదిలేను."